పిల్లికి షుగరొస్తే ఏ మీటరు కొనాలి?

మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. ఇంట్లో ఒకరికైనా షుగరు, బీరువాలో ఒక షుగరు మెషిన్ ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. అందుకే పెంచుకుంటున్న పిల్లికి షుగరుందని తేల్చి, ఇంట్లోనే చూసి రాసుకురమ్మని పశువైద్యుడు చెప్పగానే చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. నాన్నగారి మెషిన్ ఉంది కదా, దాంతోనే చూసేస్తే సరిపోదా?

సరిపోతుంది, కొన్ని షరతుల మీద. ఆ షరతులు తెలియకుండా చూస్తే మాత్రం తెర మీది అంకెను నమ్మి వేసిన ఇన్సులిన్ పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. మీటరు మనిషిదైనా పిల్లిదైనా ఎంతోకొంత తప్పు చూపిస్తుంది. ఆ తప్పు ఎటువైపు వస్తోందో, ఎంత వస్తోందో తెలిసిన మీటరే మంచి మీటరు.

మన షుగరుకు దగ్గరి బంధువు

కుక్కలకు వచ్చే మధుమేహం ఎక్కువగా మనుషుల్లోని మొదటి రకాన్ని పోలి ఉంటుంది. పిల్లులకు వచ్చేది రెండో రకానికి దగ్గర. వయసు మీరిన పిల్లులు, బరువు పెరిగినవి, సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిన మగపిల్లులు, ఇంట్లోంచి కదలకుండా గిన్నెలో వేసింది తిని పడుకునేవి దీని బారిన ఎక్కువగా పడతాయి. గిన్నెలు గిన్నెలుగా నీళ్లు తాగుతాయి, మూత్రం ఎక్కువగా పోస్తాయి, ఆబగా తింటూనే చిక్కిపోతాయి. వ్యాధి ముదిరి నరాలు దెబ్బతింటే వేళ్ల మీద నడవాల్సిన వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి నడుస్తాయి.

ఈ పోలిక పైపైది కాదు. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌తో పాటు అమైలిన్ అనే మరో హార్మోన్‌ను కూడా విడుదల చేస్తాయి. మనిషిలోనూ పిల్లిలోనూ దీని నిర్మాణం గడ్డకట్టడానికి అనువైనది. అది పోగుపడి బీటా కణాలను దెబ్బతీస్తుంది. ఎలుకల అమైలిన్‌కు ఆ గుణం లేదు. ఈ పదార్థం ఏమిటో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ వెస్టర్‌మార్క్ బృందం 1987లో గుర్తించినప్పుడు వాళ్లు పరీక్షించిన వాటిలో మనిషి కణితితో పాటు షుగరున్న పిల్లి క్లోమం కూడా ఉంది.

పిల్లి షుగరులో ఒక ఊరట ఉంది. వ్యాధిని తొందరగా పట్టుకుని, పిండిపదార్థం తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండి పెట్టి, ఇన్సులిన్ సరిగ్గా వేస్తే కొన్ని పిల్లులకు కొన్ని వారాల్లో, నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అయితే ప్రమాదం కూడా అక్కడే ఉంది. క్లోమం కోలుకుంటున్న సంగతి గమనించకుండా పాత మోతాదే వేస్తూ పోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. పిల్లి కోలుకుంటోందని మొదట చెప్పేది, ఎక్కువ మోతాదు పడుతోందని మొదట హెచ్చరించేది మీటరే.

ఆస్పత్రిలో చూపిస్తే చాలదా?

మనిషి విషయంలో ల్యాబ్ పరీక్షే ప్రమాణం. పిల్లి దగ్గర ఈ సూత్రం పూర్తిగా పనిచేయదు. బుట్టలో పెట్టి, ఆటోలో కుదుపుల మధ్య తీసుకెళ్లి, కుక్కల అరుపుల నడుమ బల్ల మీద ఒత్తి పట్టుకుంటే భయంతో విడుదలయ్యే హార్మోన్లు కాలేయంలోని గ్లూకోజును రక్తంలోకి తోడేస్తాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జాక్వీ రాండ్ బృందం ఆరోగ్యంగా ఉన్న పిల్లుల మీద ఐదు నిమిషాల పాటు నీళ్లు చల్లి చూసింది. షుగరు పెరిగింది. ఎక్కువగా గింజుకున్న పిల్లుల్లో ఎక్కువ పెరిగింది. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. షుగరే లేని పిల్లి కూడా ఆస్పత్రి బల్ల మీద 200 దాటి, ఒక్కోసారి 300 దాకా చూపించవచ్చు. (ఈ వ్యాసంలోని అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో.)

ఫ్రక్టోజమైన్ అనే రక్తపరీక్ష గత రెండు మూడు వారాల సగటు చెబుతుంది. క్షణికమైన భయం దాన్ని మార్చలేదు. పిల్లికి నిజంగా షుగరుందా అని తేల్చడానికి అది మంచి సాధనం. కానీ సగటు చూస్తే, ఒకపూట 350, మరోపూట 50 ఉన్న పిల్లి కూడా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు.

మూత్రంలో ముంచే పట్టీలు ఇంకా తక్కువ చెబుతాయి. మనిషి మూత్రపిండాలు రక్తంలో షుగరు 180 దాటగానే దాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి. పిల్లి మూత్రపిండాలు సుమారు 250 నుంచి 300 దాకా ఆపగలవు. అంటే పట్టీ రంగు మారలేదంటే షుగరు 200 కావచ్చు, 100 కావచ్చు, ప్రమాదకరమైన 40 కూడా కావచ్చు.

అందుకే ఇంట్లో, పిల్లి తన చోట తాను పడుకున్నప్పుడు తీసిన ఒక్క చుక్కకు అంత విలువ. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెస్, రాయిష్ అనే పశువైద్యులు చెవి అంచు నుంచి తీసిన చుక్కతో చేతిలో పట్టే మీటర్ల మీద పరీక్ష చేయవచ్చని 2000లో ప్రచురించిన పరిశోధనల్లో చూపించారు. ఇంటి పరీక్షకు బాట అక్కడే పడింది.

చుక్క అంకెగా మారేదిలా

అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ 1962లో గ్లూకోజు మీద పనిచేసే ఎంజైమును ఎలక్ట్రోడుకు జోడించవచ్చని చూపించాడు. ఇప్పటి మీటర్లకు మూలం అదే. 1970 ప్రాంతంలో వచ్చిన ఏమ్స్ కంపెనీ మీటరు పట్టీ మీది రంగును చదివేది. కిలోకు పైగా బరువుండేది, డాక్టర్ల కోసమే అమ్మేవారు. 1980ల చివర్లో పెన్నంత మీటర్లు వచ్చాక ఇంట్లో పరీక్ష మరింత తేలికైంది.

స్ట్రిప్పు చివర కనిపించే సన్నటి సందు రక్తాన్ని తనంతట తానే పీల్చుకుంటుంది. లోపల ఎండబెట్టిన ఎంజైము ఉంటుంది. అది గ్లూకోజ్ ఆక్సిడేజ్ గానీ, గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ గానీ. అది గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను లాగి ఎలక్ట్రోడుకు చేరవేస్తుంది. గ్లూకోజు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ. ఇక్కడిదాకా రక్తం మనిషిదా పిల్లిదా అన్న భేదం లేదు. గ్లూకోజు ఎక్కడున్నా గ్లూకోజే.

తేడా తరువాతి మెట్టులో వస్తుంది. స్ట్రిప్పు తాకేది నిండు రక్తాన్ని. డాక్టర్లకు కావలసింది ప్లాస్మాలో షుగరెంత అన్నది. ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లడానికి మీటరు లోపల ఒక లెక్క రాసి ఉంటుంది. మనిషి ఎర్రకణాల్లో గ్లూకోజు ఎంత ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల పాలెంత అన్న అంచనాల మీద ఆ లెక్క నిలబడింది. అందులో పిల్లి ఊసే లేదు.

విటమిన్ సి ముడి

మనిషి రక్తంలోని గ్లూకోజులో దాదాపు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాల్లో ఉంటుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. కుక్కలో ప్లాస్మా వాటా 87 శాతం దాటుతుంది. పిల్లిలో ఏకంగా 93 శాతం. పిల్లి ఎర్రకణాల్లో దొరికే గ్లూకోజు ఏడు శాతమే.

ఎందుకింత తేడా? కణంలోకి గ్లూకోజును దాటించే గ్లూట్1 అనే ప్రొటీను మనిషి ఎర్రకణాల పొర నిండా ఉంటుంది. పెద్దయిన పాలిచ్చే జంతువుల్లో చాలావాటి ఎర్రకణాల మీద అది దాదాపు ఉండదు. ఫ్రాన్సు పరిశోధకులు 2008లో దీనికి ఆసక్తికరమైన కారణం చూపారు. మనిషి, ఇతర ఉన్నత వానరాలు, గినీ పంది, పండ్లు తినే గబ్బిలం విటమిన్ సిని సొంతంగా తయారుచేసుకోలేవు. వాడేసిన విటమిన్ సిని ఎర్రకణాల్లోకి లాక్కుని మళ్లీ పనికొచ్చేలా చేసుకోవడానికి ఇదే గ్లూట్1 ద్వారం ఉపయోగపడుతుంది. పిల్లి కాలేయం తనకు కావలసిన విటమిన్ సిని తానే చేసుకుంటుంది. దాని ఎర్రకణాలకు ఆ ద్వారంతో పనిలేదు, గ్లూకోజుకూ అక్కడ చోటు లేదు.

మనిషి మీటరుకు ఇదేమీ తెలియదు. ఎర్రకణాల్లోనూ బోలెడంత గ్లూకోజు ఉంటుందనుకుని లెక్క వేస్తుంది. అందుకే చాలా మనిషి మీటర్లు పిల్లి రక్తంలో ల్యాబ్ కంటే తక్కువ చూపిస్తాయి. షుగరు ఎక్కువగా ఉన్నచోట తేడా పదుల్లో ఉంటుంది. తక్కువగా ఉన్నచోట అంకెల్లో తేడా చిన్నదే. అందుకే ఒక స్థిరమైన సంఖ్యను కలుపుకుంటే సరిపోతుందన్న లెక్క పనిచేయదు. ఒక కంపెనీ మీటరు చూపే తేడా మరో కంపెనీది చూపదు.

పిల్లుల కోసం తయారైన మీటర్లు ఈ లెక్కనే మార్చుకుంటాయి. అబాట్ కంపెనీ తెచ్చిన ఆల్ఫాట్రాక్ వీటిలో బాగా ప్రసిద్ధం. 2015లో అబాట్ పశువైద్య విభాగాన్ని జోయెటిస్ కంపెనీ కొనేసింది. ఆల్ఫాట్రాక్ 2లో స్ట్రిప్పు డబ్బా మీద కుక్కకు ఒక కోడు, పిల్లికి ఒక కోడు ఉంటాయి. కొత్త డబ్బా తెరిచినప్పుడు పిల్లి కోడు పెట్టడం మరిచిపోతే ఖరీదైన మీటరు కూడా తప్పే చెబుతుంది.

తప్పు ఎటువైపు?

మనుషుల మీటర్లకు ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013 నాటి రూపం ప్రకారం 95 శాతం ఫలితాలు, ల్యాబ్ షుగరు 100కు తక్కువైతే 15 లోపు, 100 అంతకంటే ఎక్కువైతే 15 శాతం లోపు తేడాతో రావాలి. అంటే నిజంగా 200 ఉన్న మనిషికి మీటరు 170 చూపినా, 230 చూపినా అది పాసైనట్టే. ఈ పరీక్ష మనుషుల రక్తంతోనే జరుగుతుంది. పెట్టె మీద ఆ ప్రమాణం ముద్ర ఉందంటే పిల్లి రక్తానికి పూచీ ఇచ్చినట్టు కాదు.

మరి తప్పు చూపే మీటరుతో ఏం చేస్తాం? రోజూ సరిగ్గా పది నిమిషాలు వెనక నడిచే గోడగడియారం ఉన్న ఇంట్లో ఎవరూ రైలు తప్పిపోరు. ఒకరోజు పది నిమిషాలు ముందు, ఇంకోరోజు ఇరవై నిమిషాలు వెనక నడిచేదానితోనే చిక్కు. పిల్లి మీటరుకూ అదే న్యాయం.

తప్పు ఎటువైపు అన్నదాన్ని బట్టే ప్రమాదం. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి రోజులో అతి తక్కువ అంకె 80–150 మధ్య, అతి ఎక్కువ 300 లోపు ఉంటే వైద్యులు సంతోషిస్తారు. 60కి దిగితే ప్రమాదం. మీటరు నిజం కంటే తక్కువ చూపిస్తుంటే మీరు అవసరమైన దానికంటే ముందుగా జాగ్రత్తపడతారు, నష్టం తక్కువ. నిజం కంటే ఎక్కువ చూపించే మీటరు పక్కకు పెట్టాల్సింది. నిజంగా 55కి దిగిన పిల్లికి 85 చూపితే మీరు ధైర్యంగా అదే మోతాదు కొనసాగిస్తారు.

ఒకే మీటరులో కూడా ఈ తప్పు దిశ మారుతుంది. ఎర్రకణాల పాలు తగ్గితే, అంటే రక్తహీనత ఉంటే, చాలా మీటర్లు ఎక్కువ చూపుతాయి. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే తక్కువ చూపుతాయి. ముసలి పిల్లుల్లో షుగరుతో పాటు మూత్రపిండాల జబ్బు తరచుగా ఉంటుంది, దానివల్ల రక్తహీనతా వస్తుంది. ఆర్నెల్ల కిందట సరిగ్గా ఉన్న మీటరు, షుగరేమీ పెరగకుండానే, ఇప్పుడు ఎక్కువ చూపడం మొదలుపెట్టవచ్చు. ఎప్పుడూ బాగానే ఉన్న పిల్లి అంకెలు నెమ్మదిగా ఎగబాకుతుంటే మోతాదు పెంచే ముందు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది స్ట్రిప్పుల సరఫరా. రోజుకు రెండుసార్లు, నెలకు రెండు మూడు రోజులు రోజంతా చూస్తే, పాడైనవి కలుపుకుని నెలకు డెబ్బై ఎనభై స్ట్రిప్పులు అయిపోతాయి. మీటరు ఒక్కసారి కొంటారు, స్ట్రిప్పులు ఏళ్ల తరబడి కొంటారు. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి పిల్లుల మీటరు పశువైద్యుడి దగ్గరో ఆన్‌లైన్‌లోనో తేలిగ్గా దొరుకుతుంది. ఖర్చు స్ట్రిప్పుకు డాలరు పైమాటే. మన ఊళ్లో మందుల షాపులో అడిగితే దొరికే సరుకు కాదు. తెప్పించుకునే పనైతే స్ట్రిప్పులు ఎన్నాళ్లకోసారి వస్తాయి, గడువు తేదీ ఎంత దూరం ఉంటుంది అని ముందే కనుక్కోండి. నెల రోజులు పిల్లి మీటరు, స్ట్రిప్పులు అయిపోయాయని మరో నెల మనిషి మీటరు వాడటం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు.

రెండోది చుక్క పరిమాణం. మనిషి వేలి నుంచి చుక్క తేలిగ్గా వస్తుంది. పిల్లి చెవి నుంచి వచ్చేది ఆవగింజంత కూడా ఉండదు. ఆల్ఫాట్రాక్‌కు 0.3 మైక్రోలీటర్లు చాలు. మనిషి మీటర్లలో కాంటూర్ ప్లస్, ఆక్యు-చెక్ ఇన్‌స్టంట్‌కు 0.6 కావాలి. వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్‌కు 1, పాత ఆక్యు-చెక్ యాక్టివ్‌కు 1 నుంచి 2. నాన్నగారికి నప్పిన మీటరు పిల్లికి నప్పకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. చుక్క చాలనప్పుడు మీటరు పొరపాటు సందేశం చూపి ఊరుకోవాలి, కొన్ని మాత్రం తప్పు అంకె చూపిస్తాయి. చుక్క చాలకపోతే కొన్ని సెకన్లలోపు మరికాస్త రక్తం అందించే వీలు కాంటూర్ ప్లస్ వంటి కొన్నిటిలో ఉంది. గింజుకునే పిల్లి దగ్గర అది పెద్ద వరం.

మూడోది ఎర్రకణాల పాలును కొలిచి సరిచేసుకునే గుణం. కొత్త మీటర్లలో చాలావాటికి అది ఉంది. స్ట్రిప్పు డబ్బాలోని కాగితం మీద ఏ పరిధి దాకా పనిచేస్తుందో హిమటోక్రిట్ పేరుతో రాసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఇది సుమారు 30–45 శాతం ఉంటుంది, జబ్బు పిల్లిలో ఇంకా దిగువకు పోతుంది. కింది హద్దు ఎంత తక్కువుంటే అంత మేలు.

నాలుగోది వేడి. స్ట్రిప్పులను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచాలి. మే నెల విజయవాడలోనో రామగుండంలోనో కిటికీ పక్క అల్మరాలో ఉంచిన డబ్బా ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ చేరి ఎంజైము పాడవుతుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, మూత బిగించి ఉంచండి. ఒక స్ట్రిప్పు తీసిన వెంటనే మూత పెట్టేయండి. అనుమానం వచ్చినప్పుడు కంపెనీ అమ్మే కంట్రోల్ ద్రావణంతో ఒకసారి సరిచూసుకోండి.

ఐదోది కొలమానం. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మీటర్లు మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి. వాటిని 18తో హెచ్చవేస్తే మన అంకె వస్తుంది. అక్కడి 5.5 ఇక్కడ దాదాపు 100. విదేశాల నుంచి తెప్పించిన మీటరైతే ఈ సంగతి మొదటిరోజే చూసుకోవాలి.

అతికించే సెన్సారు

చేతికి అతికించుకునే ఫ్రీస్టైల్ లిబ్రే వంటి సెన్సార్లను ఇప్పుడు పశువైద్యులు పిల్లులకూ వాడుతున్నారు. వెన్ను మీదో ఛాతీ పక్కనో వెంట్రుకలు గొరిగి అతికిస్తారు. మాటిమాటికీ గుచ్చకుండా రాత్రీ పగలూ షుగరు గీత కనిపిస్తుంది. మోతాదు కుదుర్చుకునే తొలి రోజుల్లో ఇంతకంటే మంచి సాధనం లేదు. మనిషికి 14 రోజులు పనిచేసే సెన్సారును పిల్లి అంతకుముందే పీకేసుకోవడం మామూలే.

ఇది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందువల్ల కొద్ది నిమిషాలు వెనకబడి ఉంటుంది. షుగరు వేగంగా పడిపోతున్నప్పుడు అసలు కంటే ఎక్కువగా చూపవచ్చు. 40కి దిగువ ఎంతుందో చెప్పదు, తక్కువ అని మాత్రమే చూపుతుంది. సెన్సారు పడిపోతున్నట్టు చూపినా, పిల్లి తీరుకు అంకె పొంతన కుదరకపోయినా చెవి నుంచి చుక్క తీసి చూడాల్సిందే. సెన్సారు ఉన్న ఇంట్లో కూడా మీటరు ఉండాలి.

చెవి దగ్గర

చెవి వెలుపలి అంచు వెంట ఒక రక్తనాళం పోతుంది. గుచ్చాల్సింది రక్తనాళాన్ని కాదు, దానికీ అంచుకీ మధ్యనున్న సన్నటి చోటును. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అర నిమిషం చెవికి ఆనిస్తే రక్తం అక్కడికి చేరుతుంది. తరువాత పొడిగా తుడవాలి. స్పిరిట్ రాస్తే అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. చెవి వెనక దూదిని మడిచి పెట్టి సూదితో గుచ్చండి. చుక్క వెంట్రుకల్లోకి పాకిపోతుంటే ముందుగా పల్చగా వాసెలిన్ రాస్తే అది గుండ్రంగా నిలుస్తుంది. స్ట్రిప్పు అంచును చుక్కకు ఆనించండి, పైన రుద్దవద్దు. అయ్యాక దూదితో కాసేపు నొక్కి పట్టి, పిల్లికి ఇష్టమైన మాంసం ముక్క ఒకటి పెట్టండి. కొద్ది రోజులకు అది ఆ ముక్క కోసం తానే వచ్చి కూర్చోవచ్చు. చెవి ఇవ్వని పిల్లికి పాదం కింది మెత్తటి దిండు నుంచి తీయవచ్చు.

మామిడిపండు ముట్టుకున్న, బెల్లం పట్టుకున్న వేళ్లతో చుక్కను తాకితే ఆ తీపి కూడా అంకెలో కలిసిపోతుంది. చేతులు కడుక్కుని, ఆరాకే మొదలుపెట్టండి. ఇంట్లో మనుషులకు వాడే సూదులను పిల్లికి వాడవద్దు, పిల్లివి మనుషులకూ వద్దు.

ఉదయం ఇన్సులిన్‌కు ముందు చూసిన ఒక్క అంకె మోతాదును నిర్ణయించదు. సూది వేయడానికి ముందు, తరువాత రెండేసి గంటలకోసారి, పన్నెండు గంటల పాటు చూస్తే షుగరు ఎంతకు దిగింది, ఎప్పుడు దిగింది, ఎంతసేపు నిలిచింది అన్నవి కనిపిస్తాయి. డాక్టరుకు కావలసింది ఆ గీత. ఎంత మోతాదు పెంచినా గీత కదలకపోతే పిల్లి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వంటి కారణాలను వెతకాల్సి ఉంటుంది. ఆ దారి చూపించేదీ మీరు రాసిన చీటీయే.

మీటరు చూడలేనివి

ఇన్సులిన్ సీసా, సిరంజి పొంతన మీటరు చూడదు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలు ఇంకా అమ్ముతున్నారు. పిల్లులకు తరచుగా వాడే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్లది. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో గీతల లెక్కన తీస్తే రెండున్నర రెట్లు మోతాదు పడుతుంది. మీటరు ఎంత మంచిదైనా ఈ పొరపాటును అది జరిగిపోయాకే చూపిస్తుంది.

మరొకటి కీటోన్లు, అంటే ఒళ్లు గ్లూకోజుకు బదులు కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరే ఆమ్ల పదార్థాలు. పిల్లుల కోసం తొలి నోటిమందు బెక్సాగ్లిఫ్లోజిన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో, నోట్లో వేసే ద్రవరూపంలోని వెలాగ్లిఫ్లోజిన్‌ను 2023 ఆగస్టులో అనుమతించింది. ఇవి షుగరును మూత్రంలోకి పంపించేస్తాయి. ఇవి వాడే పిల్లి కొన్నిసార్లు రక్తంలో షుగరు మామూలుగా ఉండగానే కీటోన్లు పేరుకుపోయి ప్రమాదంలో పడవచ్చు. మీటరు 120 చూపుతూనే ఉంటుంది. పిల్లి తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, డీలాపడినా ఆ అంకెను చూసి ఊరడిల్లకుండా కీటోన్ పరీక్ష చేయించాలి.

ఇక షుగరు పడిపోయినప్పుడు. తూలడం, కండరాలు అదరడం, చూపు నిలవకపోవడం, మూర్ఛ. ఈ లక్షణాలు కనిపిస్తే స్ట్రిప్పు వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవద్దు. మింగగలిగితే తిండి పెట్టండి. లేకపోతే తేనెనో గ్లూకోజు పాకాన్నో వేలితో చిగుళ్ల మీద రుద్ది, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరుతో మాట్లాడేదాకా తరువాతి ఇన్సులిన్ వేయవద్దు.

చివరి మాట

స్ట్రిప్పులు తెగకుండా దొరుకుతాయన్న నమ్మకం ఉంటే పిల్లుల కోసం తయారైన మీటరే కొనండి. ఆ నమ్మకం లేకపోతే చిన్న చుక్క చాలే, ఎర్రకణాల పాలును సరిచేసుకునే, మీ వీధి మందుల షాపులో ఎప్పుడూ స్ట్రిప్పులు దొరికే మనుషుల మీటరు కొనండి. కొన్న మొదటి వారంలో దాన్ని సంచిలో వేసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ల్యాబ్‌కు రక్తం తీసిన క్షణంలోనే అదే రక్తపు చుక్కను మీ మీటరు మీదా వేయించండి. రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, ప్రమాదపు హద్దు మీ మీటరు మీద ఎంత అని అడిగి డబ్బా మూత మీద రాసుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, పిల్లికి కొత్త జబ్బేదైనా వచ్చినప్పుడు మళ్లీ సరిచూసుకోండి. మీటరును మధ్యలో మార్చవద్దు. మార్చక తప్పకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, కొత్త అంకెలను పాత చీటీలో కలపకుండా వేరే పేజీలో రాయడం మొదలుపెట్టండి.